చర్మం మీది చిన్న ఊరు: సున్నిపిండి నుండి ‘మైక్రోబయోమ్’ లేపనాల వరకు

తిరుప్పూరులో బనియను కంపెనీల పని విడిచే వేళకు వీధి చివరి దుకాణాల ముందు యువతీయువకులు గుమిగూడుతారు. సబ్బులు, షాంపూ పొట్లాలు, ముఖానికి రాసుకొనే లేపనాలు అక్కడ అమ్ముడుపోతాయి. ఇటీవలి కాలంలో ఆ సీసాల మీద కొన్ని కొత్త మాటలు కనబడుతున్నాయి. ‘మైక్రోబయోమ్ ఫ్రెండ్లీ’, ‘ప్రీబయోటిక్’, ‘ప్రోబయోటిక్’, ‘పోస్ట్‌బయోటిక్’ అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మన సరిహద్దు పల్లెల నుండి ఇక్కడకు వచ్చి పనిచేస్తున్న పిల్లలు పండుగకు ఊరికి వెళ్ళేటప్పుడు ఇంటివారి కోసం ఇటువంటి సీసాలు కొనుక్కొని పోవడం కద్దు. వాటి వెల మామూలు సబ్బుకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ మాటలకు అర్థమేమిటి, వీటి వెనుక శాస్త్రం ఎంత, వ్యాపారం ఎంత, మన ఇంటి సున్నిపిండికీ శీకాయకూ ఇందులో చోటున్నదా అన్న ప్రశ్నలకు తెలిసినంత మేరకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చర్మంపై కాపురమున్న జీవులు

పెరిగిన మనిషి చర్మాన్ని పరచి కొలిస్తే సుమారు రెండు చదరపు మీటర్లు ఉంటుంది. దాని మీద బాక్టీరియాలు, శిలీంధ్రాలు, వైరసులు, కంటికి కనబడని చిన్న నల్లులవంటి పురుగులు కూడా నివసిస్తున్నాయి. ఈ జీవుల సముదాయాన్నీ, వాటి జన్యుసంపదనూ కలిపి మైక్రోబయోమ్ అంటారు. ఇజ్రాయెల్, కెనడా శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం మనిషి దేహంలో సుమారు 30 లక్షల కోట్ల స్వంత కణాలుండగా, బాక్టీరియాలు సుమారు 38 లక్షల కోట్లు ఉన్నాయి. వీటిలో అత్యధిక భాగం పెద్ద ప్రేగులోనివే. చర్మం వాటా సుమారు 10 వేల కోట్లు.

ఈ జీవులను గురించిన క్రమబద్ధమైన పరిశోధనకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2007లో ప్రారంభించిన ‘హ్యూమన్ మైక్రోబయోమ్ ప్రాజెక్ట్’ ఊపు ఇచ్చింది. 2009లో ఎలిజబెత్ గ్రైస్, జూలియా సెగ్రే తదితరులు పదిమంది ఆరోగ్యవంతుల దేహంపై ఇరవై చోట్ల నుండి నమూనాలు తీసి పరిశీలించారు. తేలిన విషయం రైతు కుటుంబాలవారికి సులభంగా బోధపడేదే. మాగాణిలో పెరిగేది మెట్టలో పెరగదు. అట్లే జిడ్డుగా ఉండే నుదుటిమీద ఒక రకం, తేమగా ఉండే చంకలలోనూ కాలివ్రేళ్ళ సందులలోనూ మరొక రకం, పొడిగా ఉండే ముంజేతిమీద అనేక రకాల మిశ్రమం ఉన్నట్లు కనబడింది. ఒకే మనిషి నుదురుకూ చంకకూ ఉన్న భేదం, ఇద్దరు వేర్వేరు మనుషుల నుదుళ్ళకున్న భేదంకంటె ఎక్కువ.

ఈ జీవులు ఊరక కూర్చొని తినేవి కావు. జిడ్డు గ్రంథులలో ఉండే క్యుటిబాక్టీరియం ఏక్నెస్ అనేది చర్మపు జిడ్డును విడగొట్టి కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తుంది. వాటివలన చర్మం ఆమ్లగుణాన్ని నిలుపుకొంటుంది. స్టఫిలోకాకస్ ఎపిడర్మిడిస్ జాతిలోని కొన్ని తెగలు, పుండ్లకు కారణమయ్యే స్టఫిలోకాకస్ ఆరియస్‌ను అడ్డుకొనే పదార్థాలను తయారు చేస్తాయి. పసితనం నుండి మన రోగనిరోధక వ్యవస్థకు ఎవరు చుట్టమో, ఎవరు దొంగయో నేర్పేది కూడా ఇవే. అయితే వీటిని పూర్తిగా మంచివనీ, పూర్తిగా చెడ్డవనీ విభజించుట సరికాదు. మేలు చేసే అదే క్యుటిబాక్టీరియంలోని కొన్ని తెగలకు మొటిమలతో సంబంధం ఉన్నది. చర్మంపై సాధువుగా ఉండే ఎపిడర్మిడిస్, ఆసుపత్రిలో రక్తనాళానికి పెట్టిన గొట్టం ద్వారా లోనికి పోతే ప్రమాదకారి అవుతుంది. జీవి ఎంత ముఖ్యమో, అది ఉన్న చోటు అంత ముఖ్యం.

ఆమ్ల కవచం, పసుపు పరీక్ష

చర్మం ఉపరితలం స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉంటుందని, అదొక కవచమని 1928లోనే జర్మనీ వైద్యులు హైన్‌రిక్ షాడే, ఆల్ఫ్రెడ్ మార్కియోనినీ చెప్పారు. ఆమ్ల క్షార గుణాలను కొలిచే పి.హెచ్. కొలతలో 7 మధ్యస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆరోగ్యవంతమైన చర్మపు సగటు సుమారు 4.7 అని 2006లో ప్రచురితమైన ఒక పరిశీలన తెలిపింది. నూనెను క్షారంతో ఉడికించి చేసే సబ్బు స్వభావరీత్యా క్షారమే. మన దేశంలో అమ్ముడయ్యే స్నానపు సబ్బులను పరీక్షించి 2014లో భారత చర్మవైద్య పత్రికలో ప్రకటించిన ఫలితాల ప్రకారం అధికభాగం సబ్బుల పి.హెచ్. 9, 10 మధ్య ఉన్నది. షాంపూలలో అధికభాగం 6, 7 మధ్య ఉన్నాయి.

సబ్బుతో కడుక్కొన్న తరువాత ఆరోగ్యవంతుని చర్మం కొన్ని గంటలలో తన ఆమ్లగుణాన్ని తిరిగి పొందుతుంది. పసిబిడ్డల చర్మానికీ, ఎగ్జిమా ఉన్న చర్మానికీ ఆ శక్తి తక్కువ. ఆ మధ్యకాలంలో స్టఫిలోకాకస్ ఆరియస్ వంటివి పెరగడానికి అనుకూలం ఏర్పడుతుంది. దీనికి తోడు తిరుప్పూరు ప్రాంతంలో చాలాచోట్ల స్నానానికి దొరికేది బోరు నీరు. కఠిన జలంలో సబ్బు సరిగా నురగ రాదు, తెట్టెగా మారి చర్మంపై అంటుకొని ఉండిపోతుంది. నురగ రాలేదని మనం మరింత రుద్దుతాము. అట్లు రుద్దినకొద్దీ చర్మానికి నష్టమే.

తరగతిలో పిల్లలచేత నేను చేయించే చిన్న పరీక్షను ఇంటి వద్ద ఎవరైనను చేయవచ్చును. పసుపును నీటిలో కలిపి, ఆ నీటిలో తెల్ల కాగితం ముంచి నీడన ఆరబెట్టవలెను. ఆరిన కాగితంపై సబ్బు నురగ చుక్క వేస్తే ఎర్రబడుతుంది. శీకాయ నీరు, పులిసిన మజ్జిగ, బియ్యం కడుగు వేస్తే పసుపు రంగు మారదు. పెండ్లిలో కాళ్ళకు పూసే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు పసుపు సున్నముల కలయికయే కనుక ఈ మార్పు మనకు కొత్త కాదు. అయితే ఈ కాగితానికి ఒక హద్దు ఉన్నది. అది క్షారాన్ని మాత్రమే పట్టి ఇస్తుంది. రంగు మారనిదంతా చర్మానికి మంచిదని దానివలన రుజువు కాదు.

సీసాలలోని పదార్థాలు నాలుగు తరగతులు

మొదటిది ప్రీబయోటిక్. అనగా చర్మంపై ఉన్న మేలైన జీవులకు మేత. చికోరి వేరు నుండి తీసే ఇనులిన్, ఓట్సులోని బీటా గ్లూకాన్, జైలిటాల్, కొన్ని రకాల చక్కెర గొలుసులు ఈ తరగతికి చెందినవి. మేత వేసినప్పుడు పాడి ఆవుతో పాటు ఊరి పశువులు కూడా వచ్చి తినవచ్చునన్నదే ఇందులో చిక్కు.

రెండవది ప్రోబయోటిక్. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2001లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగిన మోతాదులో ఇచ్చినప్పుడు మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు. ఇక్కడ ‘సజీవ’ అన్న మాట ముఖ్యం. లేపనం చెడిపోకుండా వేసే నిల్వ మందు అందులోని జీవులను కూడా చంపుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 17516 ప్రకారం సౌందర్య సామగ్రిలో గ్రాముకు వెయ్యికి మించి సూక్ష్మజీవులు ఉండరాదు. మూడేళ్ళ లోపు పిల్లలకూ కంటి చుట్టూ వాడేవాటికీ నూరు మాత్రమే పరిమితి. కనుక ‘ప్రోబయోటిక్’ అని రాసి ఉన్న అనేక లేపనాలలో నిజానికి బ్రతికి ఉన్నవి ఏమీ ఉండవు.

మూడవది పోస్ట్‌బయోటిక్. చనిపోయిన సూక్ష్మజీవుల దేహాలు లేక వాటి భాగాలు అని 2021లో అంతర్జాతీయ నిపుణుల సంఘం దీనిని నిర్వచించింది. మాట కొత్తది గాని సరుకు పాతది. ఎస్టీ లాడర్ కంపెనీ 1982లో విడుదల చేసిన రాత్రి లేపనం పరంపరలోనూ, లాంకోమ్ కంపెనీ 2009లో విడుదల చేసిన జెనిఫిక్‌లోనూ బిఫిడా అనే బాక్టీరియా సారం ఉన్నది. జపానులో బియ్యపు మద్యం చేసే ముసలివారి చేతులు నునుపుగా ఉండుట చూచి తమ పులిసిన సారాన్ని కనుగొన్నామని ఎస్.కె.టు కంపెనీ చెప్పుకొంటుంది. కలి, తరవాణి తరతరాలుగా ఎరిగిన మనకు ఈ కథ వింటే పొరుగింటి పుల్లకూర జ్ఞాపకం వస్తుంది.

నాలుగవ తరగతిలో కొత్తగా కలిపే పదార్థమేదీ లేదు, హాని చేసేవాటిని తగ్గించుటయే దాని పని. క్షారం లేని, 5.5 దగ్గర పి.హెచ్. ఉన్న మృదువైన శుద్ధికారకాలు, సువాసన లేని తేమ లేపనాలు ఇందులోకి వస్తాయి. ఆడంబరం తక్కువైనా వైద్యులు మొదట చెప్పేది వీటినే.

పరిశోధన ఎంత దూరం వచ్చింది

ఈ రంగంలో ఆశ కలిగించిన ఫలితాలు లేకపోలేదు. వేడినీటి బుగ్గలలో ఉండే విట్రియోసిల్లా ఫిలిఫార్మిస్ అనే బాక్టీరియా సారాన్ని 5 శాతం కలిపిన లేపనాన్ని 75 మంది ఎగ్జిమా రోగులపై పరీక్షించగా, సారం లేని లేపనంకంటె మేలైన ఫలితం వచ్చిందని 2008లో ప్రచురించారు. అమెరికాలో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ గాలో బృందం 2017లో మరొక విషయం చూపించింది. ఆరోగ్యవంతుల చర్మంపై ఉండే కొన్ని స్టఫిలోకాకస్ తెగలు ఆరియస్‌ను చంపే పదార్థాలు చేస్తున్నాయి. ఎగ్జిమా రోగుల చర్మంపై అటువంటి కాపలాదారులు తక్కువ. అదే బృందం 2021లో ఒక సజీవ తెగను 54 మంది రోగులతో పరీక్షించింది. ప్రమాదమేమీ కలగలేదు, ఆరియస్ తగ్గింది. కాని రోగులందరినీ కలిపి చూస్తే వ్యాధి తీవ్రతలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

నిరాశ కలిగించిన ఉదాహరణ కూడా చెప్పవలెను. రోజియోమోనాస్ మ్యుకోసా అనే బాక్టీరియాను ఆరోగ్యవంతుల చర్మం నుండి తీసి పదిమంది పెద్దలకూ ఐదుగురు పిల్లలకూ పూయగా ఎగ్జిమా తగ్గినట్లు అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించారు. పత్రికలలో గొప్పగా వచ్చింది. ఒక కంపెనీ దానిని మందుగా మార్చబోయి పెద్ద పరీక్ష జరిపింది. 2021 సెప్టెంబరులో ఆ పరీక్ష విఫలమైనట్లు కంపెనీయే ప్రకటించింది. పదిహేనుమందిలో కనబడినది వందమందిలో కనబడకపోవచ్చును. సీసా మీద ‘పరీక్షించబడినది’ అని రాసి ఉంటే ఎందరిపై, దేనితో పోల్చి అని అడగడం అందుకే అవసరం.

మన దేశపు పరిశోధన కూడా కలదు. భోపాల్‌లోని ఐసర్ శాస్త్రజ్ఞులు, సౌందర్య సామగ్రి పరిశ్రమ శాస్త్రజ్ఞులతో కలిసి 140 మంది భారతీయ స్త్రీల తలచర్మాన్ని పరిశీలించారు. చుండ్రు లేనివారిలో క్యుటిబాక్టీరియం అధికంగానూ, ఉన్నవారిలో స్టఫిలోకాకస్ అధికంగానూ ఉన్నదని 2018లో తెలిపారు. తరువాత 70 మంది చుండ్రు ఉన్నవారూ 70 మంది లేనివారూ పాల్గొన్న 16 వారాల పరిశీలనలో, కొబ్బరినూనె రాయుట వలన ఆరోగ్యకరమైన తలచర్మానికి గుర్తులైన జీవులు వృద్ధి పొందినట్లు 2021లో ప్రకటించారు.

కంగేయం నూనె, ఉసిలి ఆకు

ఈ మాట తిరుప్పూరు వారికి సంతోషం కలిగించేదే. 2009లో కోయంబత్తూరు, ఈరోడు జిల్లాల నుండి ఏర్పడిన తిరుప్పూరు జిల్లాలోని కంగేయం ఎండుకొబ్బరికీ కొబ్బరినూనెకూ పేరుపడిన చోటు. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. ఫిలిప్పీన్స్‌లో 52 మంది ఎగ్జిమా రోగులపై జరిగి 2008లో వెలువడిన ఒక పరీక్షలో, కొబ్బరినూనె రాసినవారిలో ఆరియస్ ఉన్న ఇరవైమందికి గాను చివరకు ఒక్కరిలో మాత్రమే అది మిగిలింది. కాగా జిడ్డు ముఖం, మొటిమలు ఉన్నవారికి ఇదే నూనె రంధ్రాలను మూసి మొటిమలు పెంచవచ్చును. తలకు మేలైనది ముఖానికి మేలని అనుకోరాదు.

కొంగునాటి తెలుగువారు నాయకరాజుల కాలంలోనూ అంతకు ముందూ వచ్చి స్థిరపడినవారు. వెంట తెచ్చుకొన్న సున్నిపిండిని విడువలేదు. ఇక్కడి నేల ఇచ్చిన అరప్పును కూడా స్వీకరించారు. అరప్పు అనగా తమిళంలో ఉసిలై అనే చెట్టు ఆకుపొడి. మదురై దిక్కున ఉన్న ఉసిలంపట్టి పేరులో ఉన్నది ఈ చెట్టే. శనివారం నువ్వులనూనె పట్టించి, అరప్పుతోనో శీకాయతోనో తలకు పోసుకొనే అలవాటు మా ఇండ్లలో నేటికీ ఉన్నది. శీకాయ, కుంకుడు, అరప్పు మూడింటిలోనూ నురగ పుట్టించే సపోనిన్‌లు కలవు. వీటి నీరు సబ్బువలె క్షారం కాదు. పెసరపిండి, శనగపిండి జిడ్డును పీల్చుకొంటాయి, చర్మాన్ని ఎక్కువగా ఎండబెట్టవు.

అయినా ‘మనవి కనుక మంచివే’ అనుట శాస్త్రం కాదు. కుంకుడు రసం కంటిలో పడితే మంట పుడుతుంది. పసుపు, వేప సూక్ష్మజీవులను అణచే గుణం కలవే గాని, ఏది చుట్టమో ఏది దొంగయో అవి చూడవు. పసుపు, కుంకుమ కొందరి చర్మానికి పడక దురద, నల్లమచ్చలు కలుగుతాయి. వేపనూనె పసిపిల్లల నోటిలో పడితే ప్రాణాపాయం. ఇక పసిబిడ్డకు సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టి నూగు రాల్చే అలవాటు వలన లేత చర్మం గీసుకుపోతుంది. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటలు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బిడ్డ ఒంటిపై ఉండే తెల్లని పూత మురికి కాదు, రక్షణ.

బనియనుకూ చర్మానికీ సంబంధం

చెమటకు స్వతహాగా వాసన లేదు. చంకలోని బాక్టీరియాలు చెమటలోని పదార్థాలను విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంవారు 26 మందిచేత వ్యాయామం చేయించి వారి చొక్కాలను పరిశీలించి 2014లో ఫలితం ప్రకటించారు. నూలు చొక్కాలకంటె పాలియెస్టర్ చొక్కాలు ఎక్కువ దుర్వాసన వచ్చాయి. వాసనకు కారణమయ్యే మైక్రోకాకస్ అనే జీవి పాలియెస్టర్ మీద ఎక్కువగా పెరిగింది. నూలు బనియనుకు పేరుపడిన తిరుప్పూరుకు ఇది పనికివచ్చే సంగతి. పాలియెస్టర్ ఆటల దుస్తులు ఇక్కడ కూడా తయారవుతున్నందున, వాటికి వెండి వంటి సూక్ష్మజీవ నాశకాలను పట్టించే ప్రక్రియ ప్రచారంలోకి వచ్చింది. అటువంటి దుస్తులు ఆరోగ్యవంతుల చర్మంపై ఉన్న జీవుల సమతౌల్యాన్ని చెడగొట్టలేదని జర్మనీలో 60 మందిపై జరిగిన ఒక పరీక్ష 2011లో తెలిపింది. అయితే ఉతికినప్పుడు ఆ పదార్థంలో కొంత నీటిలో కలుస్తుంది. రంగుల శాలల నీటితో నొయ్యల్ నది పాడయినందున 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఇక్కడి అద్దకపు శాలలను మూయించిన సంగతిని ఎరిగిన ఊరు, నీటిలో ఏమి కలుస్తున్నదో ఆలోచించక తప్పదు.

వ్యాపారం, చట్టం

2022లో జపాను కంపెనీ షిసెయిడో, గాలినే అనే మైక్రోబయోమ్ లేపనాల సంస్థను కొన్నది. అదే ఏడు జర్మనీకి చెందిన బైయర్స్‌డార్ఫ్, బెల్జియంలోని ఎస్-బయోమెడిక్‌ను తన చేతిలోకి తీసుకొన్నది. పెద్ద కంపెనీలు చిన్న ప్రయోగశాలలను కొనుచున్నవంటే ఈ సరుకు ఇంకా పెరుగుతుందని అవి నమ్ముతున్నట్లే. ఇంకొకవైపు పాత ధోరణి తగ్గుతున్నది. సూక్ష్మజీవులను చంపుతామని చెప్పే సబ్బులలోని ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బన్ మొదలైన 19 పదార్థాలు మామూలు సబ్బుకంటె మేలని కంపెనీలు రుజువు చేయలేదని, అమెరికా ఆహార ఔషధ సంస్థ 2016 సెప్టెంబరులో వాటిని ప్రజలు వాడే సబ్బుల నుండి తొలగించింది.

చట్టం విషయానికి వస్తే, ‘మైక్రోబయోమ్ హితం’ అన్న మాటకు మన దేశపు 2020 సౌందర్య సామగ్రి నియమావళిలో గాని, ఐరోపా వారి 1223/2009 నిబంధనలో గాని నిర్వచనం లేదు. కొన్ని ప్రైవేటు సంస్థలు తమ పరీక్షలు జరిపి ముద్ర ఇస్తున్నాయి. అది ప్రభుత్వ ముద్ర కాదు. సబ్బు విషయంలో మాత్రం మనకు చదువుకొనదగిన గుర్తు ఒకటి ఉన్నది. భారత ప్రమాణం ఐ.ఎస్. 2888 ప్రకారం మొత్తం కొవ్వు పదార్థం మొదటి తరగతి సబ్బులో 76 శాతం, రెండవదానిలో 70, మూడవదానిలో 60 ఉండవలెను. ‘బాతింగ్ బార్’ అని రాసి ఉన్నవి వేరే ప్రమాణం కిందివి. వాటిలో 40 శాతం ఉన్నా చాలును. అయితే మొదటి తరగతి సబ్బు కూడా క్షారమే అన్నది మరువరాదు.

ఒకే పేరు, రెండు వ్యాధులు

ఇంతవరకు చెప్పినది తెలుసుకొనుటకు. ఇక చెప్పబోవునది జాగ్రత్తపడుటకు. మన ఊళ్ళలో ఎగ్జిమానూ, శిలీంధ్రం వలన వచ్చే గుండ్రని దద్దునూ రెంటినీ ‘తామర’ అనే పిలుస్తాము. పేరు ఒకటే గాని వ్యాధులు వేరు, మందులు వేరు. ఎగ్జిమాకు వైద్యుని పర్యవేక్షణలో స్టెరాయిడ్ లేపనం ఉపయోగపడుతుంది. శిలీంధ్రపు తామరకు అదే లేపనం రాస్తే దురద వెంటనే తగ్గుతుంది, ఎరుపు మాయమవుతుంది, లోపల మాత్రం శిలీంధ్రం అడ్డులేక వ్యాపిస్తుంది. స్టెరాయిడ్, శిలీంధ్ర నాశకం, బాక్టీరియా నాశకం మూడూ కలిపిన గొట్టాలను చీటీ లేకుండా కొని రాసుకొనుట దేశమంతటా పెద్ద సమస్య అయినది. సాధారణ మందుకు లొంగని కొత్త శిలీంధ్ర జాతికి 2020లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోనే మన దేశం పేరు చేరినది: ట్రైకోఫైటన్ ఇండోటినియే. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను చీటీ ఉంటేనే అమ్మవలసిన జాబితాలో చేర్చినది.

నా వద్ద చదువుకొని బనియను పనికి పోయిన ఒక అమ్మాయి, రెండేళ్ళ తరువాత సంక్రాంతికి వచ్చినప్పుడు చెంపలు ఎర్రగా, చర్మం ఉల్లిపొరవలె పలుచనై కనబడింది. నడుముకు వచ్చిన తామరకని ఒక దుకాణంలో ఇచ్చిన గొట్టాన్ని, రంగు తేలుతుందని ఎవరో చెప్పగా ముఖానికి కూడా రాసుకొంటూ వచ్చిందట. మానితే మంట, రాస్తే ఉపశమనం. దానిమీద మైక్రోబయోమ్ లేపనమని ఆరునూర్ల రూపాయలు పెట్టి మరొకటి కొన్నది. “సార్, ఇదైనా నయం చేస్తుందా?” అని ఆ సీసా నా చేతికిచ్చింది. చదివి చూచితిని. ఓట్సు సారం, గ్లిసరిన్, నీరు, నిల్వ మందు. హాని చేసేది కాదు, కాని ఆమెకు కావలసినది అది కాదు. కావలసినది చర్మవైద్యుడు. జిల్లా ఆసుపత్రికి పంపినాము. కోలుకొనుటకు చాలా నెలలు పట్టింది.

గుర్తుంచుకొనవలసినవి

1. రోజూ సబ్బు అవసరమైన చోట్లు చంకలు, గజ్జలు, పాదాలు. చేతులు కాళ్ళు నీటితో కడిగినా చాలును. అయితే భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్ళిన తరువాత చేతులను సబ్బుతోనే కడుగవలెను. సూక్ష్మజీవులను కాపాడుట అనగా చేతులు కడుగకుండుట కాదు.

2. స్నానం తరువాత తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెయో, సువాసన లేని తేమ లేపనమో రాసుకొంటే పొడి చర్మానికి మేలు.

3. ఏ కొత్త లేపనమైనా, ఇంటి పొడియైనా మొదట ముంజేతి లోపలి వైపు చిన్న చోట రెండు మూడు రోజులు రాసి చూడవలెను.

4. చీటీ లేకుండా దురద గొట్టం కొనరాదు. పేరు చివర ‘సోన్’, ‘సాల్’ అని ఉన్న మందులలో చాలా స్టెరాయిడ్‌లు ఉన్నాయి. బెటామెథాసోన్, క్లోబెటాసాల్ అందరికీ దొరుకుతున్నవి.

5. తామర ఒకరికి వస్తే ఇంటిల్లిపాదినీ చూపించవలెను. తువ్వాలు, లోదుస్తులు పంచుకొనరాదు. హాస్టలులో ఉండే పిల్లలకు ఈ మాట విడిగా చెప్పవలెను. బట్టలు ఎండలో పూర్తిగా ఆరిన తరువాతనే వేసుకొనవలెను.

6. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనబడితే ఏ లేపనమూ రాయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళవలెను. అది కుష్ఠు కావచ్చును. మందు ఉచితం, వ్యాధి పూర్తిగా నయమవుతుంది.

7. ‘మైక్రోబయోమ్ హితం’ అన్న సీసా కొనదలచినవారు వెనుకవైపు పదార్థాల పట్టిక చదువవలెను. సువాసన లేకుండుట, 5.5 దగ్గర పి.హెచ్., మృదువైన శుద్ధికారకం ఉన్నవైతే తక్కువ వెల సరుకైనా చాలును.

చర్మం మీది జీవలోకం నిజమే, దాని శాస్త్రం గొప్పదే. రాబోయే కాలంలో ఎగ్జిమా వంటి వ్యాధులకు ఈ మార్గంలోనే మంచి మందు రావచ్చును. అంతవరకు ఆ చిన్న ఊరిని చెడగొట్టకుండా ఉండుటకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పండుగకు సీసా తెచ్చే పిల్లలను వద్దనవద్దు, ప్రేమతో తెస్తున్నారు. వారి ఒంటిమీద దురద ఉన్నదా, ఏ గొట్టం రాసుకొంటున్నారో మాత్రం అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో సీసాలకంటె ఎక్కువ మేలు చేయగలదు.